గడియారం ముందున్న స్టూలు

ఫిబ్రవరి 3

మరదలికి, బావ రాస్తున్నది.

నీ ఆరోగ్యం సంగతి అడగను. నీకు తుమ్మొస్తే నాలుగు పేజీల ఉత్తరం వస్తుంది. రాలేదు కాబట్టి బాగానే ఉన్నావు. నేనూ బాగానే ఉన్నాను. కళ్ళు మసకేశాయి, అందుకే ఈ అక్షరాలు బొగ్గుతో గోడ మీద రాసినట్టున్నాయి. చెవులు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి. నలభై ఆరేళ్ళు రేడియోలూ టేపు రికార్డర్లూ బాగుచేసినవాడి చెవులు. మొన్న డాక్టరు పరీక్ష చేసి ఈ వయసులో ఇంత బాగా వినపడేవాణ్ణి చూడలేదన్నాడు. నాకు తెలిసిన సంగతే నాకు చెప్పడానికి ఆయనకి అంత చదువు కావాల్సి వచ్చింది.

ఇక విషయం. మీ అక్క సమాధి రాయి పని ఆపించేశాను.

పేరూ తారీకులూ చెక్కడం అయిపోయింది. వాటి కింద ‘నమ్మకమైన భార్య’ అని చెక్కాలి. రాయి చెక్కేవాడు సుద్దముక్కతో గీత గీసుకుని ఉలి ఎత్తాడు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. అక్షరాలు మారుస్తారా అని అడిగాడు. ముందు అది నిజమో కాదో తేలాలన్నాను. నా మొహం చూసి పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోయాడు. వచ్చే నెల ఇరవైకి ఆమె పోయి ఏడాది. ఆ రోజు చర్చి సంఘమంతా వచ్చి రాయి ముందు నిలబడుతుంది. అబద్ధం చెక్కించి దాని పక్కన నేను నిలబడను.

ఎందుకో చెప్తాను. దుకాణం మూసేస్తున్నాను. సొరుగులు ఖాళీ చేస్తుంటే పాత రికార్డరు బెల్టుల డబ్బా అడుగున ఒక క్యాసెట్టు దొరికింది. మీద నా రాతే, ‘మోటారు పరీక్ష’ అని. చూడగానే గుర్తొచ్చింది. ట్యూషన్ మాస్టారి రికార్డరుకి కొత్త మోటారు వేశాను. అది నిలకడగా తిరుగుతోందో లేదో చూడాలంటే నాకో పద్ధతి ఉంది. ఇంటికి తెచ్చి వంటగది బీరువా మీద పెడతాను. ఎదురు గోడకి గడియారం ఉంది కదా, దాని టిక్కులు రికార్డు చేస్తాను. తర్వాత వింటే టిక్కులన్నీ ఒకే ఎడంలో రావాలి. ఎక్కడైనా సాగితే మోటారు దొంగ. ఆ రోజు భోజనం చేసి, మీట నొక్కి, మీ అక్కకి చెప్పకుండానే దుకాణానికి వెళ్ళిపోయాను. తర్వాత మొదటి రెండు నిమిషాలు విని, బాగుందని మాస్టారికి రికార్డరు ఇచ్చేశాను. మిగతాది వినలేదు.

పోయిన వారం విన్నాను.

పావుగంట టిక్కులు, కూరగాయలు తరుగుతున్న కత్తి చప్పుడు. గడియారం మూడు కొట్టింది. ఉన్నట్టుండి మీ అక్క, ‘వచ్చావా? కూర్చో. నీ కోసమే చూస్తున్నా’ అంది. తర్వాత నిశ్శబ్దం. అవతలి మాట వినపడదు. తర్వాత, ‘మా ఆయన వచ్చేలోపల చెప్పేస్తా’ అంది.

అక్కడే మిషను ఆపేశాను. నన్ను పెళ్ళైన రోజు నుంచి పోయే రోజు వరకు ‘మీరు’ అన్న మనిషి ఎవరినో ‘నువ్వు’ అంటోంది.

నీకు తెలియకుండా మీ అక్క అగ్గిపుల్ల కూడా గీయలేదు. నిజం రాయి. నేను దుకాణంలో ఉండగా మూడింటికి నా ఇంటికి ఎవడొచ్చేవాడు?

మీ బావ


ఫిబ్రవరి 9

రేడియో బావగారికి, మీ మరదలు.

మీ ఉత్తరం పనిలో ఉండగా వచ్చింది. ఆసుపత్రి దుప్పట్ల గదిలో నిలబడి చదివి, మడిచిన దుప్పటినే విప్పి మళ్ళీ మడిచాను, ఏం చేస్తున్నానో తెలియకుండా. పక్కన పనిచేసే అమ్మాయి ఎవరైనా పోయారా అని అడిగింది. మా బావకి మతి పోయిందని చెప్పాను.

మీకు సిగ్గుందా? మీ చొక్కా గుండీ ఊడితే ఊరందరికన్నా ముందు మా అక్క సిగ్గుపడేది. ఆ మనిషి మట్టిలో ఉంది, బదులు చెప్పుకోలేదు. అందుకని నన్ను బోనెక్కిస్తున్నారు.

మధ్యాహ్నం మూడింటికి రేడియోలో నాటకం వచ్చేది కదా. మీరు విన్నది నాటకంలో ఆడమనిషి గొంతేమో. లేదా నాతోనే మాట్లాడిందేమో. కంటి ఆపరేషనుకి వచ్చి మీ ఇంట్లో రెండు నెలలున్నాను. ఆ రోజుల్లో మాకిద్దరికీ నోరు మూతపడేది కాదని మీరే విసుక్కునేవారు. లేదా పక్కింటి కండక్టరుగారి భార్య వచ్చి ఉంటుంది. ఇన్ని ఉండగా మీ బుర్రకి మగాడే తట్టాడు. మీ చెవులు కొత్తవే కావచ్చు, వాటి మధ్య ఉన్నదే పాతబడింది.

ఆ రాయివాణ్ణి పిలిపించి పని చేయించండి. లేకపోతే నేనే వచ్చి ఉలి పట్టుకుంటాను.

కోపంగా ఉన్నా మీ క్షేమం కోరే
మరదలు


ఫిబ్రవరి 14

మరదలికి.

తిట్లన్నీ చదివాను. రెండుసార్లు చదివాను, ఎక్కడైనా జవాబు ఉందేమోనని. లేదు.

రేడియో కాదు. రేడియోలోంచి వచ్చే గొంతుకీ గదిలో మనిషి గొంతుకీ తేడా తెలియకపోతే నలభై ఆరేళ్ళు నేను గాడిదలు కాసినట్టే. నువ్వూ కాదు. ఆ టేపులోనే, ‘చెల్లి నిన్న ఊరెళ్ళింది, ఇల్లు బోసిగా ఉంది’ అంటుంది. కండక్టరు భార్య అప్పటికి నెల ముందే పోయింది.

పళ్ళు బిగించి ఇంకొంచెం విన్నాను. మాటలు ఉన్నవి ఉన్నట్టు రాస్తున్నాను. ‘పంపు కారుతోంది, చెప్తే బాగుచెయ్యరు. ఊళ్ళో వాళ్ళ రేడియోలన్నీ బాగవుతాయి, నా పంపు మాత్రం కారుతుంది.’ నిశ్శబ్దం. ‘మోకాలు నిన్నటి కన్నా నయం. నువ్వు ఉన్నావన్న ధైర్యంతో మెట్లెక్కాను.’ నిశ్శబ్దం, చాలాసేపు. తర్వాత నవ్వి, ‘నువ్వు అలాగే అంటావులే’ అంది.

ఆ నవ్వు నాకు తెలుసు మరదలా. పెళ్ళైన కొత్తలో నవ్వేది. మా పాప పోయాక ఈ ఇంట్లో నేను దాన్ని వినలేదు. ముప్పై నాలుగేళ్ళు వినలేదు. ఎవడో వింటూనే ఉన్నాడన్నమాట.

ఇంకో రెండు సంగతులున్నాయి. వీటికి నువ్వే జవాబు చెప్పాలి.

ఒకటి. మా వీధి తలుపు మడతబందు అరుపు నీకు తెలుసు. నూనె వెయ్యమని మీ అక్క చచ్చేదాకా అడిగింది. పిల్లి తోసినా వీధి చివరికి వినపడుతుంది. ఇంటికి ఇంకో తలుపు లేదు. టేపు మొదట్లో నేను బయటికి వెళ్ళినప్పుడు మోగింది, ఆ తర్వాత మీ అక్క ‘వచ్చావా’ అనేదాకా మళ్ళీ మోగలేదు. నాలుగుసార్లు విన్నాను. మోగలేదు.

రెండు. ఆ మాట వరకూ గడియారం టిక్కులు సూదుల్లా ఉన్నాయి. ‘కూర్చో’ అన్న దగ్గర నుంచి మెత్తబడ్డాయి. గడియారానికీ బీరువాకీ మధ్య స్టూలు ఉంటుంది కదా. దాని మీద మనిషి కూర్చుంటే, ఆ ఒంటికి తగిలి టిక్కు మెత్తబడుతుంది. మీ అక్క కాదు. కత్తి చప్పుడు మిషను పక్కనే ఉంది, అంటే ఆమె బీరువా దగ్గర నిలబడి తరుగుతోంది.

నమ్మవని తెలుసు. అందుకే పరీక్ష చేశాను. అదే గది, అదే గడియారం, అదే రకం రికార్డరు. ముందు ఖాళీ స్టూలుతో. టిక్కులు సూదులే. తర్వాత పక్కింటి కండక్టర్ని పిలిచి స్టూలు మీద కూర్చోబెట్టాను. నిజం చెప్పాలంటే మొదట అతని మీదే అనుమానం. ఊపిరి బిగబట్టి కూర్చోమంటే, దేనికన్నాడు. చెప్పలేదు. అరనిమిషం కాకుండానే దగ్గాడు. మళ్ళీ కూర్చోబెడితే మళ్ళీ దగ్గాడు. ముప్పై ఏళ్ళు బస్సు దుమ్ము మింగిన మనిషి, దగ్గకుండా నిమిషం ఉండలేడు. టేపులో దగ్గు లేదు. కాబట్టి అతను కాదు. వెళ్తూ వెళ్తూ నా వంక జాలిగా చూశాడు, నాకు నచ్చలేదు.

కానీ అతను కూర్చున్నప్పుడు టిక్కు సరిగ్గా మీ అక్క టేపులో లాగే మెత్తబడింది.

ఆ స్టూలు మీద ఒకడు కూర్చున్నాడు. తలుపు తియ్యకుండా వచ్చాడు. ఎవడు?

బావ


ఫిబ్రవరి 20

బావగారికి.

ఈ ఉత్తరంలో వెటకారం లేదు. మీరు రాసిన అక్క మాటలు మూడుసార్లు చదివాను. నాకు తెలిసిన మాటలవి. నాకు తెలుసన్న సంగతి నేనే మర్చిపోవాలనుకున్నాను.

కంటికి కట్టు కట్టి పక్కగదిలో పడుకున్న రోజులు. రెండు కళ్ళూ మూసి ఉన్నాయి. మొదటిరోజు మధ్యాహ్నం వంటగదిలో అక్క మాటలు వినపడ్డాయి. మీరు రాసినట్టే, కొంత మాట, కొంత నిశ్శబ్దం, మళ్ళీ మాట. కూరగాయల సంగతీ, నా కన్ను సంగతీ, మీ సంగతీ. పక్కింటావిడ అనుకున్నాను. రెండోరోజూ అంతే. మూడోరోజు గోడ పట్టుకుని వెళ్ళి, ఎవరున్నారక్కా అని అడిగాను. ‘ప్రభువుతో మాట్లాడుతున్నానే, నువ్వూ రా’ అంది. పక్కింటావిడ పేరు చెప్పినంత మామూలుగా చెప్పింది.

బావగారూ, అది ప్రార్థన. మా అక్క ప్రార్థన అలా ఉండేది.

చేతులు ముందుకు చాపి తడుముకుంటూ లోపలికి నడిచాను. నాకు స్టూలు దొరుకుతుందనిపించింది. అంతలో అక్క నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. ‘అటు కాదు. ఇటు చుట్టూ తిరిగి రా’ అంది. కళ్ళు లేవు కదా, చెయ్యే కన్ను. ఆ చెయ్యి చాపిన చోట ఎండలో ఆరేసిన దుప్పటి దగ్గర నిలబడితే తగిలే వెచ్చదనం తగిలింది. వంటగదికి ఎండ రాదు. పొయ్యి అటు లేదు.

కట్టు విప్పేదాకా మళ్ళీ మూడింటికి ఆ గదిలోకి వెళ్ళలేదు.

దీన్ని మీకు చెప్పొద్దని అక్క అనలేదు. మీరు నవ్వుతారని నేనే చెప్పలేదు. రాయి మీద ఆ మాట చెక్కించండి. దానికి ఇంతకన్నా తగిన మనిషి లేదు.

మీ మరదలు


ఫిబ్రవరి 25

మరదలికి.

నాకు ప్రార్థన అంటే ఏంటో నువ్వు నేర్పుతున్నావు. బాగుంది. యాభై ఏళ్ళ నుంచి సంఘంలో ముందు బెంచీలో కూర్చుంటున్నాను. నలుగురు పాస్టర్లని చూశాను. వాళ్ళు ప్రార్థన మొదలుపెడితే మహోన్నతుడా, పరిశుద్ధుడా అని ఆకాశం దాకా మెట్లు కట్టినట్టుంటుంది. ‘ఓ దేవా, నా పంపు కారుతోంది’ అని ఏ పాస్టరూ అనలేదు. నా పెళ్ళాం ఎవడితోనో చెప్పుకుంటే నువ్వు దానికి దేవుడి పేరు పెట్టి కప్పుతున్నావు. అక్కాచెల్లెళ్ళు కదా. మీ ఇంట్లో అందరూ అంతే. ఒకరి చిరుగు ఇంకొకరు కుట్టేస్తారు.

ఉత్తరం ఇక్కడిదాకా రాసి ఆపాను.

26

నిన్న రాసింది కొట్టెయ్యను. కొట్టేస్తే నేను అనలేదని నువ్వు అనుకుంటావు. అన్నాను.

నువ్వు చెప్పింది అబద్ధమని తేల్చడానికే టేపు ముందుకు విన్నాను. ఇలా ఉంది.

‘మా ఆయన సంగతి నీకు చెప్పేదేముంది. పాప పోయిన రోజు నుంచి నీతో మాట మానేశారు. నీ మందిరంలో మైకు బాగుచేస్తారు, నీ బెంచీలో కూర్చుంటారు, పాటకి పెదాలు కదుపుతారు. నీతో మాత్రం మాట్లాడరు. ఆ కోపం నా మీద కాదు, నీ మీద. నువ్వేం అనుకోకు.’

నీ మందిరం అంది. నీ బెంచీ అంది. ఇక వాదించడానికి ఏముంది. దొంగ దొరికాడు. దొరికాక ఏం చెయ్యాలో తెలియడం లేదు.

నిజమే. మాట్లాడలేదు. పాప ఊపిరి ఆడక నా ఒళ్ళో పదకొండు గంటలు ఉంది. ఆ పదకొండు గంటలు మాట్లాడాను. అంతకు ముందు గానీ తర్వాత గానీ నేను ఎవరినీ అంత అడగలేదు. అవతల ఏమీ లేదు. మిషను ఆన్‌లో ఉంది, స్పీకరు పనిచేస్తోంది, స్టేషను లేదు, అలా ఉంది. ఆ రోజు కట్టేశాను. ఎవరికీ తెలియదనుకున్నాను. ముందు బెంచీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది. మీ అక్కకి తెలుసు. తెలిసి, నన్ను ఒక్క మాట అడగకుండా, వెళ్ళి ఆయనకి చెప్పింది.

తర్వాత నిశ్శబ్దం. ఒక నిమిషం పది సెకన్లు. టిక్కులు మెత్తగా. మీ అక్క కత్తి కూడా ఆపేసింది.

తర్వాత, ‘అయ్యో. అయితే మా ఆయనతోనే చెప్పొచ్చుగా’ అంది.

నిశ్శబ్దం.

‘సరే. నేను పోయాకైనా చెప్పు.’

ఆ మాట వెనక ఏడుపు లేదు. పాలవాడికి రేపు ఎన్నింటికి రావాలో చెప్పినట్టు చెప్పింది. ఆ టేపు తర్వాత ఆమె ఏడేళ్ళు బతికింది. ఏడేళ్ళూ అదే వంటగదిలో నాకు అన్నం పెట్టింది.

ఇప్పుడు ఆమె పోయింది. నేను మధ్యాహ్నం మూడింటికి ఇంట్లో ఉండటం మానేశాను. దుకాణంలో పని లేకపోయినా వెళ్ళి షట్టరు సగం దించుకుని కూర్చుంటున్నాను. భయమని అనకు. భయం కాదు. ఆయన ఏం చెప్పాలనుకున్నాడో నాకు వినాలని లేదు, అంతే.

రాయి అలాగే ఉంది.

బావ


మార్చి 3

బావగారికి.

పాప విషయంలో మీ నోటి నుంచి ఒక్క మాట వినడం నాకు ఇదే మొదటిసారి. దాని మీద నేనేమీ రాయను. రాస్తే పాడవుతుంది.

నా సంగతి ఒకటి చెప్తాను. ఇరవై రెండేళ్ళ నుంచి ఆడవాళ్ళ కూటంలో ప్రార్థన నాది. నేను లేస్తే అందరూ తలవంచుతారు. నా గొంతు బాగుంటుందంటారు. కొందరికి కన్నీళ్ళొస్తాయి. నాకు రావు. ఎందుకంటే నా ముందు ఎవరూ లేరని నాకు తెలుసు. అక్క దగ్గర ఆ వెచ్చదనం తగిలిన రోజు నుంచి తెలుసు. అంతకు ముందు ఆ తేడా తెలియదు, హాయిగా ఉండేదాన్ని. తర్వాత దుప్పట్ల గదిలో గడియ పెట్టుకుని, ఎదురుగా కుర్చీ వేసి, వచ్చావా అని కూడా అని చూశాను. ఎవరూ రాలేదు. నా మాటలే గోడకి కొట్టుకుని నా ఒళ్ళో పడ్డాయి.

మీరు షట్టరు వెనక దాక్కుంటున్నారు. మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేవాడున్నాడు కాబట్టి దాక్కుంటున్నారు. నాకు దాక్కునే అవసరం కూడా లేదు. ఈర్ష్యగా ఉంది బావగారూ. చనిపోయిన అక్క మీద, ముసలి బావ మీద ఈర్ష్య. చెప్పుకోవడానికి సిగ్గే, కానీ మీరూ ఈ మధ్య చాలా చెప్పారు కదా.

ఇరవైకి రాయి దగ్గర ఏం ఉంటుందో నాకు చెప్పండి. సెలవు పెట్టాలా వద్దా?

మరదలు


మార్చి 12

మరదలికి.

సెలవు పెట్టు.

నీ ఉత్తరం షట్టరు వెనకే చదివాను. దాక్కుంటున్నానని రాశావు. నన్ను ఆ మాట అన్నవాళ్ళు ఇంతవరకు లేరు. కోపంతో లేచి, షట్టరు పూర్తిగా ఎత్తి, రికార్డరు తీసుకుని ఇంటికి వచ్చాను. మూడింటికి ఇంకా పది నిమిషాలుంది. టేపు చివరిదాకా వినేస్తే గొడవ వదులుతుందనుకున్నాను. ఇంకా మూడు నిమిషాలే మిగిలింది.

ఆ మూడు నిమిషాల్లో తలుపు మోగింది. మా తలుపే. ఆ రోజు స్క్రూడ్రైవరు మర్చిపోయి మధ్యలో ఇంటికి వచ్చిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. తలుపు అరిచిన క్షణంలో గడియారం టిక్కులు మళ్ళీ సూదుల్లా అయ్యాయి. స్టూలు ఖాళీ అయింది. మీ అక్క, ‘వచ్చారా, కూర్చోండి, నీళ్ళు తాగి వెళ్ళండి’ అంది. ఈసారి ‘వచ్చావా’ కాదు, ‘వచ్చారా’. నాకే. కాళ్ళ చప్పుడు. టిక్కులు మళ్ళీ మెత్తబడ్డాయి. అది నేను కూర్చోవడం.

తర్వాత నా గొంతు. ఎనిమిదేళ్ళ కిందటి గొంతు. ‘ఈ స్టూలేంటి వెచ్చగా ఉంది, ఎవరైనా వచ్చారా?’

మీ అక్క చిన్నగా నవ్వింది. నేను నీళ్ళు తాగాను, గ్లాసు పెట్టాను. టేపు అయిపోయింది.

మరదలా, నేను దుకాణానికి వెళ్ళాక తలుపు ఒక్కసారే మోగింది. నా కోసం మోగింది. బయటికి వెళ్ళడానికి ఎవరూ తియ్యలేదు. నాకు చోటిచ్చి లేచినవాడు బయటికి వెళ్ళలేదు. నేను ఆయన చోట్లో కూర్చుని నీళ్ళు తాగుతుంటే ఆ గదిలోనే ఎక్కడో నిలబడి ఉన్నాడు. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని మధ్యాహ్నాలు అలా నిలబడ్డాడో. ఆ పదకొండు గంటలు ఎక్కడ నిలబడ్డాడో. ఆ ఆలోచన రాగానే క్యాసెట్టు బయటికి తీసేశాను. లేచి పారిపోదామనుకున్నాను. గడియారం వంక చూశాను.

మూడు కావడానికి రెండు నిమిషాలుంది. రికార్డరులో కొత్త క్యాసెట్టు పెట్టాను, అలవాటు. మీట మీద వేలు పెట్టాను. మళ్ళీ తీసేశాను. ప్లగ్గు కూడా పీకేశాను. పరీక్ష చెయ్యడం వేరు, మాట్లాడటం వేరు. ఎదుటి మనిషి ఒంటికి మీటరు పెట్టి ఎవడూ మాట్లాడడు.

మీ అక్క నిలబడే చోట, బీరువా పక్కన నిలబడ్డాను. స్టూలు నాకూ గడియారానికీ మధ్య ఖాళీగా ఉంది. మూడు కొట్టింది. టిక్కులు సూదుల్లా ఉన్నాయి. ఏమీ లేదు. నేను నవ్వుకోబోయాను.

అప్పుడు టిక్కు మెత్తబడింది.

తలుపు మోగలేదు. నా కళ్ళకి స్టూలు తప్ప ఏమీ కనపడలేదు. కానీ నా చెవుల సంగతి నీకు తెలుసు. బీరువా అంచు పట్టుకుని నిలబడ్డాను. ఎంతసేపో తెలియదు. ఆయన తొందరపెట్టలేదు. చివరికి మీ అక్క అన్న మాటే అన్నాను, నాకు వేరే రాదు కాబట్టి. ‘వచ్చావా’ అన్నాను. తర్వాత పాప సంగతి అడిగాను. తిట్టాను కూడా. పాస్టరుగారు వింటే నన్ను ముందు బెంచీలోంచి లేపేస్తారు. తిట్టడం అయ్యాక నోరు మూసుకున్నాను.

మీ అక్క చెప్పమని అడిగినది చెప్పాడు. అది రాయను. టేపులో కూడా అవతలి మాట లేదు, ఈ ఉత్తరంలోనూ ఉండదు.

నీకు మాత్రం ఒక సంగతి చెప్తాను, మెకానిక్కుగా. మీ అక్క టేపుని గడియారం పెట్టుకుని కొలిచాను. మాటలు ఆరు నిమిషాలు. నిశ్శబ్దం పదకొండు. నువ్వు నీ గొంతు బాగుంటుందని రాశావు. కొన్నాళ్ళు దాన్ని కట్టిపెట్టి చూడు. కుర్చీ వేసినంత మాత్రాన సరిపోదు, ఊరుకోవాలి. నాకు ఇది ఎప్పుడో తెలియాల్సింది. స్టేషను లేదని కట్టేసినవాణ్ణి నేనే కదా.

టేపు నీకు పంపను. అది మనం వినాల్సింది కాదు, నేను విన్నదే తప్పు. చెరిపెయ్యాలని మూడుసార్లు తీశాను. ఆ నవ్వు ఉంది కదా, చెరపలేకపోయాను. అంత గొప్పవాణ్ణి కాను. మళ్ళీ బెల్టుల డబ్బాలో పెట్టి తాడు కట్టాను.

రాయి పని అయిపోయింది. ‘నమ్మకమైనది’ అని చెక్కించాను. అంతే. భార్య అన్న మాట వద్దన్నాను. ఎవరికి నమ్మకమైనదని రాయివాడు అడిగాడు. ఇద్దరం ఉన్నామయ్యా, రాయి చాలదన్నాను. అర్థం కాలేదు, ఉలి అందుకున్నాడు. కండక్టరు అక్కడే ఉన్నాడు, అతనికి కూడా అర్థం కాలేదు, దగ్గాడు.

నువ్వు ఇరవై ఉదయం బండికి కాదు, పంతొమ్మిదికే వచ్చెయ్. మూడుకి ముందు ఇంట్లో ఉండాలి. తలుపుకి ఇంకా నూనె వెయ్యలేదు. నువ్వొచ్చినట్టు నాకు తెలియాలి కదా. పంపు బాగుచేశాను.

నీ కోసం వేరే కుర్చీ తెచ్చి కిటికీ పక్కన వేశాను. అందులో కూర్చో. గడియారం ముందున్న స్టూలు జోలికి మాత్రం వెళ్ళకు.

మీ బావ